అద్భుతం జరిగాక ఏమైంది?

హైదరాబాద్‌లో గోడలు చదివే అలవాటున్న ఎవరికైనా "నిన్ను స్వస్థపరచు యెహోవాను నేనే" అన్న వాక్యం కంఠతా వచ్చే ఉంటుంది. స్వస్థత సభల పోస్టర్ల మీద, ఆటోల వెనక, రేకుల షెడ్డుల్లో నడిచే ప్రార్థన మందిరాల ముందు కట్టిన ఫ్లెక్సీల మీద అది కనిపిస్తూనే ఉంటుంది. నిర్గమకాండం 15వ అధ్యాయంలో 26వ వచనం అది. దానికి ముందున్న నాలుగు వచనాలతో మాత్రం ఎవరూ పోస్టర్ వేయించరు. మోషే వెంట ఈజిప్టు నుంచి బయటపడి, సముద్రం చీలితే ఆరిన నేల మీద నడిచి ఒడ్డుకు చేరిన ఇశ్రాయేలు జనం, ఆ తర్వాత మూడు రోజులు ఎడారిలో నీళ్లు లేకుండా నడిచారు. మారా అనే చోట నీళ్లు దొరికాయి, కానీ నోట పెట్టలేనంత చేదు. ఒడ్డున పాటలు పాడిన నోళ్లే మోషే మీద సణగడం మొదలుపెట్టాయి. స్వస్థపరుస్తానన్న మాట ఆ దాహం, ఆ సణుగుడు ముగిసీ ముగియకముందే వచ్చింది.

బైబిల్‌లోని అద్భుతాల గురించి మన దగ్గర జరిగే వాదన ఎప్పుడూ ఒకే చోట ఆగిపోతుంది. సభలో సాక్ష్యం చెప్పే విశ్వాసి, నడవలేనివాడు లేచి నడిచాడన్న దగ్గర ఆపుతాడు. అందరూ స్తోత్రం అంటారు. హేతువాది కూడా సరిగ్గా ఆ వాక్యం దగ్గరే ఆగి, చచ్చుపడిన నరాలు ఒక్క మాటతో ఎలా కదిలాయని నిలదీస్తాడు. గ్రంథం మాత్రం అక్కడ ఆగదు. లేచి నడిచినవాడిని చూసి ఎవరు సంతోషించారు, ఎవరికి కోపం వచ్చింది, ఎవరికి నష్టం వచ్చింది, ఎవరు జైలుకు వెళ్లారు అని చెప్పుకుంటూ పోతుంది. చాలాకాలంగా నేను ఈ కథలను ఆ మిగతా భాగం కోసమే చదువుతున్నాను. రాసినవాళ్లు చెప్పదలచుకున్న మాట ఎక్కువగా అక్కడే ఉందని నా గట్టి అభిప్రాయం.

ఏలీయా ప్రవక్త సంగతే చూడండి. రాజుల మొదటి గ్రంథం 18వ అధ్యాయంలో కర్మెలు కొండ మీద ఆయన ప్రార్థిస్తే ఆకాశం నుంచి అగ్ని దిగి, బలిపశువునే కాక రాళ్లను, మట్టిని, కందకంలో నీళ్లను కూడా దహించింది. జనమంతా సాగిలపడ్డారు. దేశం మారిపోయిందనే అనుకుంటాం. 19వ అధ్యాయం మొదట్లోనే యెజెబెలు రాణి చంపిస్తానని కబురు పెడుతుంది. అగ్నిని దింపిన మనిషి ప్రాణభయంతో ఎడారికి పారిపోయి, ఒక చెట్టు కింద కూలబడి, చచ్చిపోతే బాగుండునని దేవుణ్ణి అడుగుతాడు. దేవదూత వచ్చి ఆయనను మందలించడు. తట్టి లేపి రొట్టె, నీళ్లు ఇస్తాడు. మళ్లీ నిద్రపోనిస్తాడు. మరోసారి లేపి తినమంటాడు. ఆ తర్వాత హోరేబు కొండ మీద పెనుగాలి, భూకంపం, అగ్ని వరుసగా వస్తాయి. వాటిలో దేవుడు లేడని గ్రంథమే చెబుతుంది. చివరికి మెల్లని స్వరం ఒకటి వినిపిస్తుంది. కర్మెలు మీది అగ్నిని అంత ఆర్భాటంగా వర్ణించినవారే మరుసటి అధ్యాయంలో అగ్నిలో దేవుడు లేడని రాశారు. ఆ రెండు అధ్యాయాలను విడదీసి ప్రసంగించడం అన్యాయం.

యోహాను సువార్తలో ఇది మరీ తీవ్రంగా ఉంటుంది. సమాధిలో నాలుగు రోజులుగా ఉన్న లాజరును యేసు బయటికి పిలిచిన కథ 11వ అధ్యాయంలో ఉంది. కట్లతోనే లాజరు బయటకు వచ్చిన వెంటనే, చూసినవాళ్లలో కొందరు నమ్మారు, కొందరు వెళ్లి యూదు మతంలో ఒక శాఖవారైన పరిసయ్యులకు సంగతి చేరవేశారు. యూదు పెద్దల మహాసభ కూడింది. అద్భుతం అబద్ధమని అక్కడ ఎవరూ అనరు. ఇలాగే వదిలేస్తే రోమీయులు వచ్చి మన స్థలాన్ని, మన జాతిని నాశనం చేస్తారని భయపడతారు. ఒక్క మనిషి చావడం మేలంటాడు ప్రధాన యాజకుడు కయప. 12వ అధ్యాయంలో లాజరును కూడా చంపాలని ఆలోచన చేస్తారు. బతికొచ్చిన మనిషినే మళ్లీ చంపాలనుకోవడం! రుజువు కళ్లెదుట ఉంటే అందరూ నమ్ముతారన్న మన ఊహను ఆ ఒక్క వచనం పడగొడుతుంది.

యేసు తర్వాతి తొలి ప్రచారకుల కథ చెప్పే అపొస్తలుల కార్యాల్లోనూ ఇదే వరస. లుస్త్ర అనే ఊళ్లో పుట్టుకతో నడవలేని వ్యక్తిని పౌలు నిలబెడితే, జనం పౌలును, బర్నబాను మనిషి రూపంలో దిగివచ్చిన దేవతలనుకుని ఎద్దులు, పూలదండలు తెచ్చారు. అదే అధ్యాయంలో, అదే ఊరివాళ్లు బయటివాళ్ల మాట విని, పౌలును రాళ్లతో కొట్టి, చచ్చాడనుకుని ఊరి బయటకు ఈడ్చేశారు. ఫిలిప్పీలో సోదె చెప్పే ఒక బానిస పిల్లను పట్టిన దయ్యం వదిలింది. ఆమె సోదె మీద బతికే యజమానులకు రాబడి పోయింది. పౌలు, సీల దెబ్బలు తిని జైలుకు వెళ్లారు. ఆ పిల్లకు మేలు జరిగిందని సంతోషించిన యజమాని ఒక్కడూ లేడు.

అద్భుతాన్ని రుజువుగా వాడుకోవడం మీద ఈ గ్రంథానికే నమ్మకం లేదు. చాలామంది భక్తులకు, విమర్శకులకు కూడా తట్టని సంగతి ఇది. ఈజిప్టు రాజు ఫరో దగ్గరి మాంత్రికులు కూడా కర్రలను పాములుగా మార్చారు, నీళ్లను రక్తంగా మార్చారు. ద్వితీయోపదేశకాండం 13వ అధ్యాయం ఇంకా ముందుకు వెళ్లి, ఒక ప్రవక్త చెప్పిన సూచన నిజంగా జరిగినా సరే, వాడు వేరే దేవుళ్ల వెంట నడుద్దామంటే వాడి మాట వినొద్దంటుంది. యేసు దయ్యాలను వెళ్లగొడితే ప్రత్యర్థులు ఆ పనిని కాదనలేదు, దయ్యాల అధిపతి సహాయంతో చేస్తున్నాడన్నారు. ఆకాశం నుంచి ఒక సూచన చూపించమని పరిసయ్యులు అడిగితే, మార్కు సువార్తలో ఆయన నిట్టూర్చి, చూపించనని చెప్పి పడవెక్కి వెళ్లిపోతాడు. ఆలయ శిఖరం మీద నుంచి దూకి దేవదూతలు పట్టుకుంటారో లేదో చూడమన్నది సాతాను. బాప్తిస్మమిచ్చే యోహాను గొప్ప ప్రవక్త అని యేసే అన్నాడు, అయినా ఆ యోహాను ఒక్క సూచక క్రియ, అంటే అద్భుతం, కూడా చేయలేదని నాలుగోదైన యోహాను సువార్త రాసి పెట్టింది.

అసలు అద్భుతాలు బైబిల్ నిండా పరుచుకుని ఉంటాయన్నది కూడా ఒక అపోహే. మోషే, యెహోషువల కాలంలో, ఏలీయా, ఎలీషాల కాలంలో, యేసు, అపొస్తలుల కాలంలో అవి గుంపులుగా కనిపిస్తాయి. మధ్యలో పేజీలకు పేజీలు అద్భుతం లేకుండా గడిచిపోతాయి. దావీదు జీవితమంతా యుద్ధాలు, ప్రేమలు, ద్రోహాలు, పశ్చాత్తాపాలు. హెబ్రీ ఎస్తేరు గ్రంథంలో దేవుడి పేరే రాదు.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ యోహాను సువార్త 9వ అధ్యాయం. మొత్తం 41 వచనాలు. అందులో పుట్టుగుడ్డివాడికి చూపు రావడం రెండే వచనాల్లో అయిపోతుంది. యేసు నేల మీద ఉమ్మి, బురద చేసి, అతని కళ్లకు పూసి, సిలోయము కోనేటికి వెళ్లి కడుక్కోమంటాడు. అతను వెళ్లి, కడుక్కుని, చూపుతో వస్తాడు. అక్కడి నుంచి వరుసగా 27 వచనాల పాటు యేసు కథలో కనిపించడు. చూపు వచ్చినవాడు ఒంటరిగా ఊరి ముందు నిలబడతాడు.

కథ మొదలయ్యేదే శిష్యులు అడిగిన ప్రశ్నతో. వీడు గుడ్డివాడుగా పుట్టడానికి ఎవరు పాపం చేశారు, వీడా, వీడి కన్నవాళ్లా? ఈ ప్రశ్న వినని తెలుగు ఇల్లు ఉండదు. వైకల్యంతో పుట్టిన బిడ్డను ఎత్తుకున్న తల్లి బస్సులో, పెళ్లిలో, ఆసుపత్రి వరండాలో దీన్ని వింటూనే ఉంటుంది. ఏ జన్మలో చేసిన పాపమో అని ఒకరంటారు, తల్లిదండ్రుల కర్మ అని ఇంకొకరంటారు, జాలిపడుతూనే అంటారు. యేసు జవాబు సూటిగా ఉంది: వీడూ చేయలేదు, వీడి కన్నవాళ్లూ చేయలేదు. నా దృష్టిలో ఆ అధ్యాయంలోని మొదటి స్వస్థత అది. కళ్లు తెరుచుకోకముందే ఆ మనిషి మీది నింద తొలగిపోయింది.

తర్వాత ఇరుగుపొరుగు తర్జనభర్జన పడతారు. కూర్చుని అడుక్కునేవాడు వీడేనా? వీడేనని కొందరు, వీడిలా ఉండే మరొకడని కొందరు. నేనేనయ్యా అని అతను చెబుతున్నా నమ్మరు. ఇన్నాళ్లూ అతని ముఖం సరిగ్గా చూసిన వాళ్లు లేరన్నమాట. పరిసయ్యుల దగ్గరకు తీసుకెళతారు. ఆ రోజు ఏ పనీ చేయకూడని విశ్రాంతి దినం, బురద కలపడం పని కిందికి వస్తుంది. తల్లిదండ్రులను పిలిపిస్తారు. వీడు మా కొడుకే, పుట్టుకతో గుడ్డివాడే, ఇప్పుడెలా చూస్తున్నాడో మాకు తెలియదు, వాడికి వయసొచ్చింది కదా, వాడినే అడగండి అంటారు వాళ్లు. సమాజమందిరం నుంచి వెలివేస్తారన్న భయం వాళ్లది. కొడుకుకు చూపొచ్చిన రోజు ఆ తల్లిదండ్రులు సంతోషించడానికి కూడా భయపడ్డారు. ఊరికి భయపడి సొంత బిడ్డ పక్కన నిలబడలేని తల్లిదండ్రులు మనకేమీ కొత్తవాళ్లు కాదు.

రెండోసారి విచారణలో ఆ యువకుడు మాట్లాడే తీరు చూడండి. నన్ను బాగుచేసినాయన పాపియో కాదో నాకు తెలియదు, ఒకటి మాత్రం తెలుసు, నేను గుడ్డివాడిని, ఇప్పుడు చూస్తున్నాను. మళ్లీ అడిగితే, చెప్పాను కదా, మళ్లీ ఎందుకు అడుగుతున్నారు, మీకు కూడా ఆయన శిష్యులు కావాలని ఉందా అని ఎదురు ప్రశ్న వేస్తాడు. బిచ్చమెత్తుకున్నవాడు పెద్దల సభలో అలా మాట్లాడాడు! దానికి వాళ్లిచ్చిన జవాబు: నువ్వు పాపంలోనే పుట్టావు, నువ్వు మాకు చెప్పేవాడివా? శిష్యులు అడిగిన ప్రశ్న తిరిగి తిరిగి ఇక్కడ తిట్టుగా తేలింది. అతన్ని బయటకు గెంటేశారు. అప్పుడు యేసు అతన్ని వెతుక్కుంటూ వచ్చాడు.

ఈ అధ్యాయాన్ని యూదుల మీద ద్వేషానికి వాడుకున్న చరిత్ర ఐరోపాలో ఉంది, కాబట్టి ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఇందులో చూపొచ్చినవాడు, అతని తల్లిదండ్రులు, యేసు, అందరూ యూదులే. మొదటి శతాబ్దం చివర్లో యేసును అనుసరించిన యూదులకు, మిగిలినవారికి మధ్య వచ్చిన కుటుంబ కలహం ఈ కథ చెప్పే తీరులో కలిసిపోయిందని కొందరు పండితుల అభిప్రాయం. సిలోయము కోనేరు కల్పన కాదు. 2004లో యెరూషలేములో మురుగునీటి పైపు పనులు చేస్తుండగా, యేసు కాలం నాటి పెద్ద కోనేటి రాతిమెట్లు బయటపడ్డాయి. అది అద్భుతాన్ని రుజువు చేయదు. కథ చెప్పినవారికి ఆ ఊరు బాగా తెలుసని మాత్రం చెబుతుంది.

యేసు పునరుత్థానాన్ని పక్కన పెడితే, నాలుగు సువార్తల్లోనూ ఉన్న అద్భుతం ఒక్కటే: ఐదు రొట్టెలు, రెండు చేపలతో ఐదువేల మందికి భోజనం. మార్కు దీన్ని ఎక్కడ పెట్టాడో గమనించాలి. దీనికి సరిగ్గా ముందు గలిలయ పాలకుడు హేరోదు పుట్టినరోజు విందు ఉంది. అధిపతులు, సేనానులు, గలిలయ ప్రముఖులు ఆ విందుకు వస్తారు. చివర్లో బాప్తిస్మమిచ్చే యోహాను తల పళ్లెంలో వస్తుంది. ఆ వెంటనే పచ్చిక మీద యాభై మంది, వంద మంది చొప్పున కూర్చున్న ఆకలిజనం. రెండు విందులు ఒకే అధ్యాయంలో పక్కపక్కన ఉన్నాయి. శిష్యులు జనాన్ని పంపేయమంటే యేసు, మీరే వాళ్లకు భోజనం పెట్టండి అంటాడు. రెండు వందల దేనారాలు అవుతుందని శిష్యులు లెక్క చెబుతారు. దేనారం ఒక కూలివాడి రోజు కూలి.

పాత నిబంధన తెలిసిన శ్రోతకు ఇంకో సంగతి కూడా గుర్తుకొస్తుంది. ఎలీషా ఇరవై యవల రొట్టెలతో వంద మందికి పెట్టించిన కథ రాజుల రెండో గ్రంథంలో ఉంది. అక్కడా ఇంతమందికి ఇదెలా సరిపోతుందన్న ప్రశ్న వస్తుంది, అక్కడా మిగులుతుంది. ఆ రొట్టెలు యవలవని నాలుగు సువార్తల్లో యోహాను ఒక్కడే చెప్పాడు. ఎలీషా కథను శ్రోతల చేత తలపింపజేయడానికే ఆ వివరం అని ఎందరో వ్యాఖ్యాతలు అన్నారు.

ఈ కథకు ఒక "సర్దుబాటు" వివరణ చాలా చోట్ల వినిపిస్తుంది. జనం మూటల్లో తిండి దాచుకున్నారు, ఒక పిల్లవాడు తనది ఇవ్వడం చూసి సిగ్గుపడి అందరూ బయటకు తీశారు, అదే అద్భుతం అంటారు. వినడానికి హాయిగానే ఉంటుంది, కానీ నేను దీన్ని ఒప్పుకోను. మూటల మాట కథలో ఎక్కడా లేదు. పైగా, రోజంతా ఆకలితో కూర్చున్న పేద రైతులను, జాలరులను ఇది తిండి దాచుకున్న పిసినారులను చేస్తుంది. జరగలేదని నేరుగా అనేవాడిని గౌరవిస్తాను. జరిగిందనేవాడినీ గౌరవిస్తాను. కథను ఇలా చిన్నది చేసి కాపాడాలనుకోవడం మాత్రం కథకు మేలు చేయదు.

భోజనం అయ్యాక ఏమైంది? జనం ఆయన్ను బలవంతంగా రాజును చేయబోతే ఆయన ఒంటరిగా కొండెక్కి వెళ్లిపోయాడని యోహాను రాశాడు. మర్నాడు వెతుక్కుంటూ వచ్చినవాళ్లతో, రొట్టెలు తిని కడుపు నిండింది కాబట్టే వచ్చారు అన్నాడు. ఆ అధ్యాయం ముగిసేసరికి శిష్యుల్లోనే చాలామంది వెళ్లిపోయారు. "మీరే భోజనం పెట్టండి" అన్న మాటను మాత్రం కొందరు పట్టుకున్నారు. హైదరాబాద్‌కు దాదాపు వంద కిలోమీటర్ల దూరంలో, 1924లో ప్రతిష్ఠ జరిగిన మెదక్ చర్చి గురించి ఇక్కడివారికి తెలిసిన కథ అదే. కరువు రోజుల్లో చార్లెస్ పాస్నెట్ అనే మిషనరీ, ఊరికే దానం చేయకుండా ఆ కట్టడం పని కల్పించి జనానికి తిండి పెట్టాడని చెప్పుకుంటారు. రొట్టెల కథను చదవడానికి అది కూడా ఒక పద్ధతి.

మార్కు 5వ అధ్యాయంలోని పందుల కథ చాలామందికి ఇబ్బంది కలిగిస్తుంది. సమాధుల్లో బతికే మనిషి, గొలుసులు తెంపుకుని, రాళ్లతో ఒళ్లు కోసుకుంటూ రాత్రింబగళ్లు అరుస్తుంటాడు. నీ పేరేమిటని అడిగితే "సేన" అంటాడు. మూలంలో ఉన్నది రోమన్ సైన్యంలో వేల మందితో కూడిన దళం పేరు. దయ్యాలు రెండు వేల పందుల్లోకి పోతే, మంద సరస్సులో పడి చచ్చింది. కథలో చిక్కులు లేకపోలేదు. మార్కు చెప్పిన గెరాస పట్టణం సరస్సుకు యాభై కిలోమీటర్లకు పైగా దూరం. మత్తయి గదర అంటాడు, ఒకరికి బదులు ఇద్దరు మనుషులు ఉన్నారంటాడు. క్రీ.శ. 70లో యెరూషలేమును ముట్టడించిన రోమన్ పదో దళం చిహ్నాల్లో అడవిపంది ఒకటి. కాబట్టి ఆక్రమిత దేశంలో ఈ కథ విన్నవాళ్లకు ఇంకో అర్థం కూడా స్ఫురించి ఉంటుందని కొందరు పండితులంటారు.

నాకు మాత్రం ముఖ్యమైనది తర్వాతి దృశ్యం. ఊరివాళ్లు వచ్చి చూస్తే, ఆ మనిషి బట్టలు కట్టుకుని, స్వస్థచిత్తుడై కూర్చుని ఉన్నాడు. వాళ్లు భయపడ్డారు. అతను గొలుసులు తెంపుకున్నప్పుడు కాదు, కుదుటపడి కూర్చున్నప్పుడు. యేసును తమ ప్రాంతం విడిచి వెళ్లమని బతిమాలారు. అతను వెంట వస్తానంటే యేసు, నీ ఇంటికి, నీవాళ్ల దగ్గరకు వెళ్లు అన్నాడు. ఎవరైనా కాస్త తేడాగా మాట్లాడితే "ఎర్రగడ్డకు పంపాలి" అని నవ్వుకునే నగరం మనది. చికిత్స పొంది తిరిగొచ్చిన మనిషికి ఇల్లు అద్దెకివ్వడానికి, పనిలో పెట్టుకోవడానికి వెనకాడేదీ మనమే. తమిళనాడులోని ఎర్వాడిలో 2001 ఆగస్టులో, మానసిక రోగులను గొలుసులతో కట్టి ఉంచిన షెడ్డుకు నిప్పంటుకుని 28 మంది చనిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులతో బంధించడాన్ని నిషేధించింది. దయ్యం పట్టిందని ఒకరిని కట్టేయడానికి ఈ కథను సాక్ష్యంగా తెచ్చేవాళ్లు కథను తలకిందులుగా చదువుతున్నారు. గొలుసులు వేసింది ఊరు, యేసు కాదు.

ఇవన్నీ సరే, అసలు జరిగాయా లేదా అన్న ప్రశ్న నుంచి తప్పించుకోకూడదు. చరిత్ర పరిశోధన ఎంతవరకు వెళ్లగలదో చెబుతాను. యేసును ఆయన కాలంలో జనం రోగులను బాగుచేసేవాడిగా, దయ్యాలను వెళ్లగొట్టేవాడిగా ఎరుగుదురన్నది విశ్వాసులూ, అవిశ్వాసులూ అయిన చరిత్రకారుల్లో అత్యధికులు ఒప్పుకునే విషయం. వేర్వేరు మూలాల్లో ఆ సంగతి ఉంది. వ్యతిరేకుల ఆరోపణలు కూడా దాన్ని ఒప్పుకునే సాగాయి. ఆ కాలంలో అలాంటి పేరు ఆయనొక్కడికే లేదు. హనీనా బెన్ దోసా అనే యూదు భక్తుడు దూరాన ఉన్న పిల్లవాడిని ప్రార్థనతో బాగుచేశాడని యూదుల మతగ్రంథం తల్ముద్ చెబుతుంది. రోమన్ చక్రవర్తి వెస్పాసియన్ అలెగ్జాండ్రియాలో ఒక గుడ్డివాడి కళ్లకు ఉమ్మి రాసి చూపు తెప్పించాడని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. అది చక్రవర్తి అధికారాన్ని నిలబెట్టడానికి పనికొచ్చిన కథ. సువార్తల్లో, ఎవరికీ చెప్పొద్దని యేసు పదేపదే అంటాడు.

ఫలానా మనిషికి ఫలానా రోజున చూపు వచ్చిందా అన్నది చరిత్ర పద్ధతులతో తేల్చగల విషయం కాదు. 1748లో స్కాట్లండ్ తత్వవేత్త డేవిడ్ హ్యూమ్, ఒక సాక్ష్యం అబద్ధం కావడమే అంతకన్నా పెద్ద అద్భుతం అయితే తప్ప అద్భుతాన్ని నమ్మకూడదన్నాడు. ప్రకృతి నియమానికి మినహాయింపే ఉండదని ముందే అనుకుని లెక్క మొదలుపెట్టావని ఆయనకు జవాబిచ్చినవాళ్లున్నారు. ఆ వాదన నేటికీ ముగియలేదు. 1835లో జర్మన్ పండితుడు స్ట్రాస్ ఈ కథలు మోసమూ కావు, వార్తా నివేదికలూ కావు, పాత నిబంధన ఊహల్లో మునిగిన తొలి సంఘం అల్లుకున్నవి అన్నాడు. దానికి ఆయన ఉద్యోగం పోయింది. వీళ్లందరికన్నా నాకు దగ్గరగా అనిపించేది అయిదో శతాబ్దపు క్రైస్తవ బిషప్ అగస్టీన్. కొన్ని గింజల నుంచి లోకానికంతటికీ పంట పండించడం ఐదువేల మందికి భోజనం పెట్టడం కన్నా పెద్ద అద్భుతమని, అది రోజూ జరుగుతుంది కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోరని ఆయన అన్నాడు. నేను విశ్వాసిని. అయినా నా విశ్వాసాన్ని చరిత్ర రుజువు చేసిందని ఎవరితోనూ అనను.

ఈ కథలను సగంలో ఆపి చదవడం వల్ల ప్రాణాల మీదికి వస్తోంది, అందుకే ఇంతసేపు చెబుతున్నాను. గాంధీ ఆసుపత్రి ఆవరణలో రోగుల బంధువుల చేతిసంచుల్లో స్కానింగ్ రిపోర్టుల పక్కనే ప్రార్థన నూనె సీసా, విభూతి పొట్లం, దర్గా తాయెత్తు కనిపిస్తాయి. వాటిని చూసి నేనెప్పుడూ నవ్వను. ఆపదలో ఉన్న మనిషి దొరికిన ప్రతి చేతినీ పట్టుకుంటాడు. రోగం తగ్గనప్పుడు "నీకు విశ్వాసం చాలలేదు" అని రోగితో అనేవాళ్లను మాత్రం క్షమించలేను. ఆ మాటతో రోగానికి తోడు నేరం కూడా మనిషి నెత్తిన పడుతుంది. యోహాను 9లో శిష్యులు అడిగిన ప్రశ్నే ఇది, కొత్త వేషంలో.

సువార్తలు ఈ మాటను సమర్థించవు. నీ విశ్వాసం నిన్ను బాగుచేసిందని యేసు కొందరితో అన్న మాట నిజమే. కానీ బేతెస్ద కోనేటి దగ్గర 38 ఏళ్లుగా పడి ఉన్న రోగికి తనను బాగుచేసింది ఎవరో కూడా తెలియదు. నయీనులో పాడె మీదున్న కుర్రవాడికి గాని, ఏడుస్తూ నడిచిన అతని తల్లికి గాని విశ్వాస పరీక్ష పెట్టలేదు. పైకప్పు విప్పి దించిన పక్షవాత రోగి విషయంలో యేసు చూసింది మోసుకొచ్చిన నలుగురి విశ్వాసాన్ని. మూర్ఛరోగి తండ్రి, నమ్ముతున్నాను, నా అపనమ్మకానికి సహాయం చెయ్యి అని ఏడ్చినా బిడ్డ బాగయ్యాడు. బేత్సయిదాలో గుడ్డివాడికి ఒకసారి చేతులుంచితే మనుషులు చెట్లలా నడుస్తున్నట్టు కనిపించారు, యేసు రెండోసారి చేతులుంచాల్సి వచ్చింది. అతని విశ్వాసం సగమేనని ఆయన అనలేదు.

నమ్మినవాళ్లు రోగుల మీద చేతులుంచితే బాగవుతారన్న వాక్యాన్ని స్వస్థత సభల్లో తరచుగా చదువుతారు. పాముల్ని ఎత్తి పట్టుకోవడం, విషం తాగినా హాని కలగకపోవడం కూడా అదే చోట ఉన్నాయి. అది మార్కు 16వ అధ్యాయం చివరి భాగం. నాలుగో శతాబ్దానికి చెందిన రెండు ప్రసిద్ధ రాతప్రతులు, సినాయ్ ప్రతి, వాటికన్ ప్రతి, 8వ వచనంతోనే ముగుస్తాయి. ఖాళీ సమాధి చూసిన స్త్రీలు భయంతో వణుకుతూ ఎవరికీ ఏమీ చెప్పలేదన్నది ఆ ముగింపు. మిగిలిన వచనాలు తర్వాత చేరినవని ఎక్కువమంది పండితులు అంగీకరిస్తారు. ఈ సంగతి సంఘానికి చెప్పాల్సిన బాధ్యత వేదశాస్త్రం చదువుకున్న పాస్టర్ల మీద ఉంది. మాయా చికిత్సల ప్రకటనలను నిషేధిస్తూ 1954లోనే చట్టం వచ్చింది, కానీ పల్పిట్ మీద నుంచి సరిగ్గా చదివిన ఒక అధ్యాయం చేయగల పనిని ఆ చట్టం చేయలేదు.

పౌలు సంగతి కూడా అంతే. ఆయన ఒంటికి తగిలిన చేతిగుడ్డలు తీసుకెళ్లి రోగుల మీద వేస్తే రోగాలు పోయాయని అపొస్తలుల కార్యాలు 19వ అధ్యాయం చెబుతుంది. ఆ వచనం చూపించి గుడ్డలు పంచే సభలు ఇప్పటికీ ఉన్నాయి. అదే పౌలు తన శరీరంలోని ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకుంటే, "నా కృప నీకు చాలును" అన్న జవాబే వచ్చింది, ముల్లు పోలేదు. తరచూ జబ్బుపడే తిమోతికి కడుపు కోసం కాస్త ద్రాక్షారసం తాగమన్న సలహా ఆయన పేరిట ఉన్న ఉత్తరంలో ఉంది. తిమోతికి రాసిన రెండో ఉత్తరం చివర్లో, అనుచరులు ఒక్కొక్కరే వెళ్లిపోయారని చెబుతూ, లూకా ఒక్కడే నా దగ్గర ఉన్నాడంటాడు. కొలొస్సయులకు రాసిన ఉత్తరం ఆ లూకాను ప్రియమైన వైద్యుడంటుంది. తిమోతికి రాసిన ఆ ఉత్తరంలోనే మరికొన్ని వాక్యాల తర్వాత, తన సహచరుడు త్రోఫిముకు జబ్బు చేస్తే మిలేతులో విడిచి వచ్చానని రాసి ఉంది. త్రోఫిముకు విశ్వాసం తక్కువని ఆ ఉత్తరంలో ఎక్కడా లేదు.